చర్చ: పాత హాలో బాడీ బేస్‌ల రీఇష్యూల్లో సెంటర్ బ్లాక్ ఉండొచ్చా, ఉండకూడదా?

పెన్నగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నెల్లూరులో పెళ్లిళ్లకి, రిసెప్షన్లకి వాయించే ఆర్కెస్ట్రాలో ఎనిమిదేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. ఇన్నాళ్లూ ఒక మామూలు సాలిడ్ బాడీ (లోపల బోలు లేని) బేస్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు 50 వేలు పక్కన పెట్టుకున్నాను. వయోలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ కంపెనీ 500/1 మోడల్ రీఇష్యూ (పాత మోడల్‌ని మళ్లీ చేసి అమ్మేది) ఒకటి కొనాలని చిన్నప్పటి నుంచి కోరిక. మేం వాయించేవి ఎక్కువగా 70లు, 80ల పాటలే. ఇళయరాజా గారి పాటల్లో బేస్ నడకకి ఆ గుండ్రటి శబ్దం కావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

తీరా వెతకడం మొదలుపెడితే తెలిసింది, పైకి ఒకేలా ఉండే వాటిలో రెండు రకాలున్నాయని. ఇగ్నిషన్ సిరీస్ లోపల పూర్తిగా బోలు. కాంటెంపరరీ సిరీస్‌లో పొట్ట మధ్యన చెక్క దిమ్మె (సెంటర్ బ్లాక్) పెట్టారు. మా కీబోర్డ్ అన్న దిమ్మె ఉన్నదే తీసుకోమంటాడు, స్టేజీ మీద స్పీకర్ శబ్దానికి కూత (ఫీడ్‌బ్యాక్) పెట్టదని. దిమ్మె పెట్టాక ఇక అది పాత బేస్‌కి రీఇష్యూ ఎలా అవుతుందని నా సందేహం. మీరేమంటారు?

ఒంగోలు నాలుగు తీగలు

బ్లాక్ ఉన్నదే తీసుకో తమ్ముడూ, రెండో ఆలోచన వద్దు.

నేను చర్చిలో ప్రతి ఆదివారం వాయిస్తాను. రెండేళ్ల కింద క్రిస్మస్‌కి బయట గ్రౌండ్‌లో ప్రోగ్రాం పెట్టారు. ఒక స్నేహితుడి దగ్గర పూర్తి బోలు బేస్ అడిగి తీసుకెళ్లాను. సౌండ్ వాళ్లు పెద్ద స్పీకర్లు సరిగ్గా నా వెనకే పేర్చారు. రెండో పాటలో అన్నిటికంటే మందంగా ఉండే 'ఈ' (E) తీగ మీద మూడో మెట్టు నొక్కానో లేదో, ఆ 'జి' స్వరం పట్టుకుని బేస్ మొత్తం వణకడం మొదలైంది. చేయి తీసినా ఆగలేదు, పొట్ట నా పొట్టకి కొట్టుకుంటోంది. వాల్యూం తగ్గిస్తే పాటలో బేస్ పోయింది, పెంచితే మళ్లీ కూత. సంవత్సరమంతా ఎదురుచూసిన ప్రోగ్రాం అది. పిల్లలు పాడుతుంటే నేను తలవంచుకుని నాబ్ తిప్పుతూ నిలబడ్డాను.

పాతది అంటే బోలుదే అనే మాట కూడా తప్పు. గిబ్సన్ ఈబీ-2 బేస్ 1958లోనే వచ్చింది, దాని మధ్యలో దిమ్మె ఉంది. 1965లో వచ్చిన గిల్డ్ స్టార్‌ఫైర్ బేస్‌లోనూ ఉంది. బోలు పొట్టతో వచ్చే ఇబ్బంది పెద్ద కంపెనీలకి అప్పుడే అర్థమైంది. ఇప్పుడు వేరే కంపెనీ అదే పని చేస్తే మోసం ఎలా అవుతుంది?

కావలి రిపేర్లు

ఒంగోలు అన్నా, మీకు జరిగినది చదివితే బాధేసింది. కానీ మీరు చెప్పిన రెండు బేస్‌లూ మీ వాదనకి సరిపోవు.

ఈబీ-2 పుట్టడమే దిమ్మెతో పుట్టింది. స్టార్‌ఫైర్ కూడా అంతే. వాటి రీఇష్యూలో దిమ్మె లేకపోతే నేనే గొడవ చేస్తాను. 500/1 కథ వేరు. దాన్ని గీసిన వాల్టర్ హాఫ్నర్ వయోలిన్లు చేసే ఇంటివాడు. 1956లో బయటికి వచ్చిన ఆ బేస్‌ని వయోలిన్ చేసినట్టే చేశారు: పైన స్ప్రూస్ పలక, వెనకా పక్కలా మేపుల్, లోపల గాలి. బరువు రెండున్నర కిలోల లోపే. మెడకి తగిలించుకుంటే ఉన్నట్టే తెలియదు.

ఆ గాలి వల్ల ఏం జరుగుతుందో చెప్తాను. తీగ మీటగానే దాని శక్తిలో చాలా భాగం పలుచటి పలకలోకి పోతుంది. అందుకే స్వరం ధబ్బున పుట్టి తొందరగా చస్తుంది. స్కేల్ (తీగ పలికే పొడవు) కూడా 30 అంగుళాలే. అదే మందం తీగని అదే శ్రుతికి బిగిస్తే, 34 అంగుళాల బేస్ మీద కంటే టెన్షన్ సుమారు 22 శాతం తక్కువ. తీగ వదులుగా, బొద్దుగా పలుకుతుంది. ఈ రెండూ కలిస్తేనే మన నెల్లూరు తమ్ముడు అడిగే ఆ గుండ్రటి శబ్దం. మధ్యలో దిమ్మె పెడితే పలక కదలదు, స్వరం సాగుతుంది. సాగితే మంచిదేగా అంటారు. వీణకి మంచిదే. మృదంగం తొప్పి వైపు కొట్టిన దెబ్బ అలా సాగుతూ పోతే వింటారా?

బేస్ బాగుంటుందా లేదా అని నేను అనడం లేదు. దిమ్మె ఉన్నవి నా బల్ల మీదికి చాలా వచ్చాయి, పనితనం చక్కగా ఉంది. నా అభ్యంతరం పేరు గురించి. 60ల నాటి బేస్ బొమ్మ వేసి, 60ల నాటి బేస్ శబ్దం అని చెప్పి అమ్ముతూ, ఆ శబ్దం పుట్టే చోటు పూడ్చేస్తే కొనేవాడికి ఆ సంగతి ముందుగా చెప్పాలి. 500/1కి ఎఫ్ ఆకారం రంధ్రాలు ఉండవు కాబట్టి లోపల ఏముందో బయటికి కనిపించదు. పికప్ (తీగ అదురుని యాంప్లిఫయర్‌కి పంపే భాగం) చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం మరలు విప్పి, ఫోన్ లైట్ వేసి చూస్తేనే తెలుస్తుంది. షాపులో విప్పనివ్వరు కాబట్టి వేలి కణుపుతో పలక మీద తట్టండి. రెండు పికప్‌ల మధ్య తట్టినప్పుడూ అంచు వైపు తట్టినప్పుడూ శబ్దం బాగా తేడాగా ఉండి, మధ్యలో మొద్దుగా పలికితే దిమ్మె ఉన్నట్టు.

కందుకూరు కుర్రాడు

అన్నా, ఈ గొడవంతా లేకుండా ఎపిఫోన్ కంపెనీ జాక్ కాసడీ మోడల్ బేస్ చూడొచ్చు కదా? 1997 నుంచి వస్తోంది. 70ల నాటి గిబ్సన్ లెస్ పాల్ సిగ్నేచర్ బేస్ ఆధారంగా చేశారు, స్కేల్ కూడా మామూలు 34 అంగుళాలే.

కావలి రిపేర్లు

మంచి బేస్ తమ్ముడూ, కానీ దాని గొంతు వేరు. 34 అంగుళాల మీద తీగ టెన్షన్ మారిపోతుంది. ఆయన అడిగేది అది కాదు.

పురమందిరం పెద్దాయన (నెల్లూరు)

అబ్బాయిలూ, నా మాట కూడా వినండి.

1980ల్లో మా ఆర్కెస్ట్రాకి కలకత్తా నుంచి తెప్పించిన వయోలిన్ ఆకారం బేస్ ఒకటి ఉండేది, పూర్తి బోలు. పురమందిరంలో దానితో ఎన్ని కచేరీలు చేశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా కూయలేదు. ఎందుకు కూయలేదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాకు ఒక చిన్న యాంప్లిఫయర్, గాయకులకి రెండు కాలమ్ స్పీకర్లు, అంతే. డ్రమ్స్‌కి మైకు లేదు. బేస్ వినపడాలంటే మిగతా అందరూ తగ్గి వాయించేవాళ్లు. బాలు గారి ఊరు కదా, ముందు పాట వినపడాలని జనం అడిగేవాళ్లు.

ఇప్పుడు మా మనవడి రిసెప్షన్‌లో చూశాను. స్టేజీ కిందే 18 అంగుళాల సబ్‌వూఫర్ స్పీకర్లు నాలుగు పెట్టారు. కాళ్ల కింద చెక్కలు అదురుతున్నాయి. అలాంటి చోట నా పాత బేస్ తగిలించుకుని నిలబడమంటే నాకు భయమే. బేస్‌ని పాతకాలం దానిలా చేస్తే సరిపోదు, స్టేజీ పాతకాలం నాటిది కాదుగా. బ్లాక్ పెట్టినవాణ్ణి నేను తప్పుపట్టను.

ఒంగోలు నాలుగు తీగలు

పెద్దాయన నా మనసులో మాట చెప్పారు. ఇంకొకటి అడుగుతాను. ఐదు వందల మంది భోజనాలు చేస్తూ వినే చోట, దిమ్మె ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? తెలియని తేడా కోసం ప్రోగ్రాం పాడుచేసుకోవడం దేనికి?

కావలి రిపేర్లు

పేరు పెట్టి చెప్పలేరు కానీ తెలుస్తుందన్నా. బేస్ స్వరం తొందరగా ఆగితే తర్వాతి దెబ్బకి ముందు ఒక చిన్న ఖాళీ వస్తుంది. తబలా ఆ ఖాళీలో వినపడుతుంది. స్వరం సాగితే ఆ ఖాళీ పూడిపోతుంది. భోజనం చేసేవాడికి బేస్ అంటే ఏంటో తెలియకపోవచ్చు, కాలు ఆడించడం మాత్రం మానేస్తాడు. నేను వంద రిసెప్షన్లలో పక్కన నిలబడి చూసిన విషయం ఇది.

పెద్ద స్టేజీ మీద బోలు బేస్ పనికిరాదు అనే మాట తప్పని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బీటిల్స్ బ్యాండు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకి కొన్న 500/1 1972లో దొంగల పాలైంది. అది దొరికిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. బాగుచేయించి అదే ఏడాది డిసెంబర్‌లో లండన్ ఓ2 అరీనాలో వాయించారు. అరవై ఏళ్లు దాటిన బోలు బేస్ అది, వేల మంది ముందు పలికింది. ఆయన వెనక పనితెలిసిన సౌండ్ బృందం ఉంటుందంటారు, నిజమే. అంటే లోపం మన స్టేజీ ఏర్పాటులో ఉంది, దాన్ని సరిచేసుకోవచ్చు.

కూత ఎందుకు వస్తుంది? స్పీకర్ శబ్దం పలకని కదుపుతుంది, పలక తీగని కదుపుతుంది, పికప్ మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. ఆ చక్రం ఎక్కడో ఒకచోట తెంపాలి. స్పీకర్ ముఖానికి ఎదురుగా పొట్ట పెట్టకండి, పక్కకి తిరగండి. కొన్నిసార్లు రెండడుగులు జరిగితే చాలు. మానిటర్‌లో (వాయించేవాళ్ల వైపు పెట్టే స్పీకర్‌లో) బేస్ తగ్గించమనండి. ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు వేసి, టెయిల్‌పీస్‌కీ (తీగల చివర కట్టే చోటు) బ్రిడ్జికీ (పలక మీద తీగలు ఆనే చెక్క) మధ్య తీగల కింద చిన్న స్పాంజి దూర్చండి. అసలు కూసే స్వరం ఏదో రిహార్సల్‌లోనే పట్టుకుని, మిక్సర్‌లో ఆ ఒక్క చోటే కోయమనండి. చాలామంది సౌండ్ వాళ్లు కంగారులో లో-కట్ (కింది స్వరాల్ని కోసేసే) బటన్ నొక్కేస్తారు. అది 80 హెర్ట్జ్ దగ్గర కోస్తే, 41 హెర్ట్జ్‌లో ఉండే మీ 'ఈ' (E) తీగ అసలు గొంతు అక్కడే పోతుంది.

నెల్లూరు తమ్ముడికి ఇంకో మాట. బోలు బేస్ కొంటే బ్రిడ్జి గురించి నేర్చుకో. దాన్ని మరలతో బిగించరు, తీగల బిగింపుతోనే నిలబడుతుంది. తీగలు ఒక్కసారే అన్నీ తీసేస్తే చేతిలోకి ఊడొస్తుంది, శ్రుతి లెక్క పోతుంది. ఒక్కో తీగే మార్చు. బ్రిడ్జి కాళ్ల చుట్టూ సన్నగా పెన్సిల్ గీత పెట్టుకో. మన దగ్గర రోహిణి కార్తెలో పలక ఆరి కుంగుతుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో ఉబ్బుతుంది, తీగల ఎత్తు మారుతూనే ఉంటుంది.

పోయినేడు ఒక బేస్ వచ్చింది. బ్రిడ్జి కాళ్లు పలక వంపుకి కూర్చోలేదు, మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బేస్ ఎప్పుడూ చూడలేదు. పలకని అరచేత్తో రెండుసార్లు తడిమాడు. దాని మీద గరుకు కాగితం గరుకు పైకి ఉండేలా పరిచి, బ్రిడ్జిని దాని మీద ముందుకీ వెనక్కీ నెమ్మదిగా రుద్దాడు. పావుగంట పట్టింది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే సందు లేదు. తీగలు బిగించి మీటితే, అంతకుముందు కాగితం డబ్బాలా పలికిన బేస్ గుండెలోంచి పలికింది. ఆ శబ్దం విన్నాక లోపల దిమ్మె పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

ఒంగోలు నాలుగు తీగలు

గ్రౌండ్ ప్రోగ్రాంలకి నా మాట మీదే ఉంటాను. కానీ పేరు విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. దిమ్మె పెట్టామని పెట్టె మీద పెద్దక్షరాలతో రాయాలి. ఆ లో-కట్ సంగతి మాత్రం ఈ ఆదివారమే చూస్తాను.

పెన్నగట్టు (నెల్లూరు)

అందరికీ దండాలు. పోయిన వారం చెన్నై వెళ్లి రెండూ వాయించి చూశాను. ఒకే పాట ముక్క, ఒకే యాంప్లిఫయర్. దిమ్మె ఉన్నది నిండుగా, స్థిరంగా ఉంది. బోలుది మీటగానే ఎడమ ముంజేతికి అదురు తగిలింది. దాన్నే తెచ్చుకున్నాను.

నిన్న మైపాడు రోడ్డులో రిసెప్షన్. మొదటి పాటలోనే 'జి' దగ్గర మూలిగింది. డ్రమ్స్ అన్నకి ఎడమ పక్కకి జరిగి, స్పీకర్‌కి వీపు తిప్పాను, ఆగిపోయింది. 'ఎ' దగ్గర మాత్రం కొంచెం మిగిలింది. కావలి అన్నా, ఆదివారం బేస్ తీసుకుని వస్తాను. బ్రిడ్జి కాళ్ల కింద ఒక మూల వెలుతురు కనిపిస్తోంది, ఒకసారి చూడండి.