ఫ్లాస్క్ పేజీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో మాత్రం తెరుచుకోవడం లేదు

కొత్త కోడర్:
ఇంటి ఖర్చులు రాసుకోవడానికి పైథాన్‌లో, వెబ్ పేజీలు నడిపే ఫ్లాస్క్ అనే సాధనం సాయంతో ఒక చిన్న ప్రోగ్రామ్ తయారు చేసుకున్నాను. ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్‌లో పేజీ చక్కగా తెరుచుకుంటోంది, వివరాలు నింపితే భద్రమవుతున్నాయి, మొత్తాలు సరిగ్గానే చూపిస్తోంది. అదే చిరునామాను ఫోన్‌లో కొడితే మాత్రం సైట్‌ను చేరుకోలేకపోయామన్న సందేశం వస్తోంది. ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి, రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగానే వస్తోంది. ఉదయం నుంచి దీని మీదే కూర్చున్నాను. రౌటర్‌ను ఆపి మళ్లీ వేశాను, ఫైర్‌వాల్‌లో 5000 పోర్టుకు అనుమతి ఇచ్చాను, ఫ్లాస్క్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను, ఫోన్‌లో బ్రౌజర్ కూడా మార్చి చూశాను. ఇంత చిన్న పనికి ఇన్ని అవస్థలు ఎందుకు పడాలో నాకు బోధపడటం లేదు. దయచేసి ఎవరైనా సూటిగా పరిష్కారం చెప్పండి.

రాత్రిపూట:
ఫోన్‌లో ఏ చిరునామా కొట్టారు? ప్రోగ్రామ్‌ను నడిపే చివరి వరుసను ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

కొత్త కోడర్:
ప్రోగ్రామ్ నడిపినప్పుడు టెర్మినల్‌లో కనిపించే చిరునామానే కొట్టాను, అంటే 127.0.0.1, దాని తరువాత 5000 పోర్టు. చివరి వరుసలో రన్ అనే ఆదేశం ఉంది, కుండలీకరణాల మధ్య డీబగ్ ట్రూ అని తప్ప మరేమీ లేదు. పాఠంలో ఎలా ఉందో అలాగే రాశాను.

తీగా కేబులూ:
మొదటి చిక్కు ఇక్కడే ఉంది. 127తో మొదలయ్యే చిరునామాలన్నీ ఏ యంత్రానికి ఆ యంత్రం తనను తాను పిలుచుకోవడానికి కేటాయించినవి. మీరు ఫోన్‌లో 127.0.0.1 కొట్టినప్పుడు ఫోన్ తనలోనే 5000 పోర్టులో ఏదైనా ప్రోగ్రామ్ ఉందేమోనని చూసుకుంటుంది, ఏమీ లేదు కాబట్టి వెంటనే కుదరదని చెప్పేస్తుంది. ఆ విన్నపం ఫోన్ దాటి బయటికే రాదు.

రెండవది, ఫ్లాస్క్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే అది కూడా 127.0.0.1 మీద మాత్రమే వింటూ కూర్చుంటుంది, అంటే ల్యాప్‌టాప్ లోపలి నుంచి వచ్చే విన్నపాలకే బదులిస్తుంది. రన్ ఆదేశంలో హోస్ట్ అనే చోట 0.0.0.0 అని ఇవ్వండి. అప్పుడు ల్యాప్‌టాప్‌కు ఉన్న అన్ని ఐపీవీ4 (చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల తరహా) చిరునామాల మీదా అది వింటుంది. అయితే 0.0.0.0 అన్నది ఫోన్‌లో కొట్టవలసిన చిరునామా కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే వైఫై అడాప్టర్ కింద ఐపీవీ4 అడ్రస్ అని ఒక వరుస వస్తుంది, ఫోన్‌లో కొట్టవలసింది దానిని. ముందు హెచ్‌టీటీపీ అని కూడా మీరే స్పష్టంగా కొట్టండి, ఎందుకంటే కొన్ని బ్రౌజర్లు తమంతట తామే హెచ్‌టీటీపీఎస్‌తో ప్రయత్నిస్తాయి.

తాళంచెవి:
పైన చెప్పిన మార్పు చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. డీబగ్ ట్రూ అని ఉంచి, హోస్ట్‌ను 0.0.0.0 చేయమనడం ప్రమాదకరమైన సలహా. ఫ్లాస్క్ డీబగ్ (తప్పులు వెతికే) పద్ధతిలో నడుస్తున్నప్పుడు ప్రోగ్రామ్‌లో ఎక్కడైనా తప్పు దొర్లితే, బ్రౌజర్‌లో కనిపించే ఆ తప్పుల పేజీ నుంచే పైథాన్ ఆదేశాలు నడిపే వీలు ఉంటుంది. అంటే ఆ పేజీని చేరుకోగలిగినవారు మీ ల్యాప్‌టాప్‌లో మీ పేరు మీద ఏ పనైనా చేయగలరు. దానికి ఒక పిన్ అడ్డు ఉన్న మాట నిజమే కానీ, దాని మీదే భరోసా పెట్టుకోకూడదు. ఇది అభివృద్ధి దశలో వాడే సర్వర్ మాత్రమేనని ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ టెర్మినల్‌లో హెచ్చరిక వస్తూనే ఉంటుంది, దానిని ఎవరూ చదవడం లేదు.

పనిలో పనిగా మీ రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు పిన్‌తోనో బటన్‌తోనో వైఫైలో కలిపే ఏర్పాటు) ఉంటే దానినీ ఆపేయండి. దాని పిన్ 8 అంకెలు కదా, 10 కోట్ల అవకాశాలు ఉంటాయని అనుకుంటాం. అయితే చివరి అంకె మిగతా అంకెల నుంచి లెక్కకట్టేది, పైగా రౌటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది, అందువల్ల నిజానికి 11,000 ప్రయత్నాలలోపే దొరికిపోతుంది. ఈ సంగతి 2011లోనే బయటపడినా, నేటికీ దానిని అలాగే వదిలేసిన ఇళ్లు ఉన్నాయి.

రాత్రిపూట:
ఆయన ఇంట్లో ఖర్చుల లెక్క రాసుకుంటున్నారు, బ్యాంకు నడపడం లేదు. ల్యాప్‌టాప్ రౌటర్ చేసే నాట్ (ఇంటి లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చడం) వెనుక ఉంది.

తాళంచెవి:
నాట్ అన్నది చిరునామాలను మార్చే ఏర్పాటే తప్ప ఫైర్‌వాల్ కాదు. ఈ రెండింటినీ ఒకటిగా చెప్పడం వల్లనే జనం ధీమాగా ఉండిపోతున్నారు. ఐపీవీ6 అనే కొత్త చిరునామాల పద్ధతి వచ్చిన ఇళ్లలో ప్రతి పరికరానికీ బయటి ప్రపంచానికి కనిపించే చిరునామాయే వస్తుంది, అక్కడ నాట్ అన్న మాటే ఉండదు.

రాత్రిపూట:
0.0.0.0 అంటే ఐపీవీ4 మాత్రమే. ఐపీవీ6 ఈ ప్రశ్నలోకి రాదు.

కొత్త కోడర్:
భద్రత గురించి తరువాత మాట్లాడుకుందాం, ముందు నాకు పేజీ తెరుచుకోవాలి. హోస్ట్ మార్చాను. ఐపీకాన్ఫిగ్‌లో 192.168.0.104 అని వచ్చింది. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ చిరునామా కొడితే పేజీ వస్తోంది. ఫోన్‌లో కొడితే చాలాసేపు అలా తిరుగుతూ ఉండి, చివరికి సమయం మించిపోయిందని చెబుతోంది. అంటే పరిస్థితి ఏమీ మారలేదు.

తీగా కేబులూ:
పరిస్థితి మారింది, పైగా అది చాలా పనికొచ్చే మార్పు. ఇంతకుముందు వెంటనే తిరస్కారం వచ్చేది, ఇప్పుడు ఎదురుచూసి ఎదురుచూసి సమయం మించిపోతోంది. ఈ రెండూ ఒకటి కావు. వెంటనే తిరస్కారం వచ్చిందంటే సాధారణంగా విన్నపం యంత్రం దాకా చేరింది కానీ ఆ పోర్టులో వినేవారు ఎవరూ లేరని అర్థం. సమయం మించిపోయిందంటే విన్నపం ల్యాప్‌టాప్‌ను చేరకుండా దారిలోనే పోతోంది, లేదా చేరిన తరువాత ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా దానిని పక్కన పడేస్తోంది. ల్యాప్‌టాప్‌లో 192.168.0.104తో పేజీ వచ్చింది కాబట్టి ప్రోగ్రామ్ వైపు దోషం లేదు, దానిని ఇక ముట్టుకోకండి.

ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఏ విండోస్? ఫోన్ నుంచి పింగ్ (అవతలి యంత్రం బదులిస్తుందో లేదో చూసే పరీక్ష) చేసి చూడమని ఎవరైనా చెబితే దాని ఫలితాన్ని నమ్మకండి. పబ్లిక్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కు జవాబు ఇవ్వనివ్వదు, కాబట్టి పింగ్ రాకపోయినంత మాత్రాన దారి లేదని తేల్చలేం.

రాత్రిపూట:
ఫోన్ ఐపీ చిరునామా ఏమిటి?

కొత్త కోడర్:
విండోస్ 11. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే 192.168.1.7 అని ఉంది.

రాత్రిపూట:
ల్యాప్‌టాప్ 192.168.0లో ఉంది, ఫోన్ 192.168.1లో ఉంది. అవి ఒకే నెట్‌వర్క్‌లో లేవు. ఇంట్లో ఇంకో రౌటర్ ఉందా?

కొత్త కోడర్:
ఉంది. వెనుక గదిలోకి సిగ్నల్ సరిగ్గా అందకపోవడంతో, ముందు గదిలోని రౌటర్ నుంచి ఒక కేబుల్ లాగి పాత రౌటర్‌ను అక్కడ పెట్టాం. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాం, అందువల్ల ఏ గదిలో ఉన్నా మళ్లీ కలుపుకోవలసిన అవసరం రాదు. చాలాకాలంగా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. ల్యాప్‌టాప్‌ను వెనుక గదిలో పెట్టుకుంటాను, ముందు గదిలోని వైఫై ప్రింటర్‌కు అక్కడి నుంచే పేజీలు పంపుతాను, అవి వస్తున్నాయి కూడా. ఒకే వైఫై కాకపోతే ప్రింటర్ ఎలా పనిచేస్తోంది?

తీగా కేబులూ:
మీ ప్రింటర్ ప్రశ్నలోనే జవాబు ఉంది. వెనుక గదిలోని రౌటర్‌కు కేబుల్‌ను వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులో పెట్టి ఉంటారు. ఆ పోర్టులో పెడితే అది ముందు గదిలోని నెట్‌వర్క్‌ను బయటి ఇంటర్నెట్‌గా భావించి, తన వెనుక 192.168.0 అనే వేరే నెట్‌వర్క్‌ను నడుపుతుంది. నాట్ పని వీధి తలుపుకు లోపలి గడియ వేసినట్టు ఉంటుంది: లోపలివారు బయటికి వెళ్లి రాగలరు, బయటివారు తమంతట తాము లోపలికి రాలేరు. అందుకే ల్యాప్‌టాప్ నుంచి ప్రింటర్‌కు దారి ఉంది, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు లేదు. ఫోన్ పంపిన విన్నపం ముందు గది రౌటర్‌కు చేరుతుంది, 192.168.0 ఎక్కడుందో దానికి తెలియదు, కాబట్టి ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది, అది అక్కడితో సరి. వైఫై పేరు ఒకటే అయినంత మాత్రాన నెట్‌వర్క్ ఒకటి కాదు.

సరిచేయాలంటే వెనుక రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే సొంత నెట్‌వర్క్ నడపకుండా ముందు గది నెట్‌వర్క్‌నే వైఫైలో అందించేదానిగా, మార్చాలి. దాని సెట్టింగులలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అది ఎంచుకుంటే చాలు. పాత రౌటర్ కాబట్టి అది లేకపోతే, ల్యాప్‌టాప్‌తో ఆ రౌటర్ పేజీలోకి వెళ్లి ముందుగా దాని సొంత చిరునామాను 192.168.1.2 వంటి దానికి మార్చండి. ముందు గది రౌటర్ పరికరాలకు పంచే చిరునామాల పరిధిలో అది ఉండకుండా చూసుకోండి, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు రెండు పరికరాలు ఒకే చిరునామా కోసం కొట్టుకుంటాయి. ఆ తరువాత మళ్లీ ఆ కొత్త చిరునామాతో లోపలికి వెళ్లి డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు చిరునామాలు పంచే పనిని, ఆపేయండి. అన్నిటికంటే చివర కేబుల్‌ను వ్యాన్ పోర్టు నుంచి తీసి, మామూలు ల్యాన్ పోర్టులలో ఒకదానిలో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపకముందే కేబుల్ మారిస్తే ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు చిరునామాలు పంచుతారు, ఇంట్లో సగం పరికరాలకు ఇంటర్నెట్ పోతుంది. ఈ వరుస మాత్రం తప్పవద్దు.

రాత్రిపూట:
దానిని ఇంకా రౌటర్ అనడం ఎందుకు? అప్పుడు అది స్విచ్, వైఫై రేడియో మాత్రమే.

తీగా కేబులూ:
సాంకేతికంగా మీరన్నది సరైనదే. అయినా పెట్టె మీద రౌటర్ అనే రాసి ఉంటుంది, అడిగినవారికి ఏ పెట్టె గురించి చెబుతున్నానో తెలియడం నాకు ముఖ్యం.

తాళంచెవి:
రెండు నాట్‌లు ఉండటమే మేలు కదా, ల్యాప్‌టాప్‌కు ఒక అదనపు రక్షణ ఉంటుంది. దానిని తీసేయడం నాకు సబబుగా తోచడం లేదు.

తీగా కేబులూ:
ఆ రక్షణ ఒక వైపే పనిచేస్తుంది, తాళంచెవి గారూ. వెనుక నెట్‌వర్క్‌లో ఉన్న పరికరం ముందు నెట్‌వర్క్‌లోని ప్రతిదానినీ చేరుకోగలదు. అతిథుల ఫోన్లు వెనుక గదిలో కలిస్తే ముందు గదిలోని ప్రింటరూ టీవీ వాటికి అందుబాటులోనే ఉంటాయి. వేరుచేయడమే ఉద్దేశమైతే ముందు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టుకోవడం నయం.

కొత్త కోడర్:
మీరు చెప్పిన వరుసలోనే చేశాను. ఇప్పుడు ల్యాప్‌టాప్ 192.168.1.12, ఫోన్ 192.168.1.7. అయినా ఫోన్‌లో పేజీ రావడం లేదు, అదే ఎదురుచూపు, చివరికి సమయం మించిపోయిందన్న అదే సందేశం. ఫైర్‌వాల్‌లో 5000 పోర్టుకు అనుమతి ఉందని మొదటే చెప్పాను, ఇప్పుడు మళ్లీ చూసినా అది అక్కడే ఉంది.

తీగా కేబులూ:
అనుమతి ఉండటం ఒక్కటే చాలదు. పైథాన్ మొట్టమొదటిసారి బయటి నుంచి విన్నపాలు అందుకోవడానికి ప్రయత్నించినప్పుడు, అనుమతించాలా అని విండోస్ ఒక కిటికీ చూపిస్తుంది. దానిని రద్దు చేస్తే విండోస్ ఊరుకోదు, పైథాన్‌ను అడ్డగించే నియమాలు తానే రాసి పెడుతుంది. మీరు ఆ తరువాత ఎన్ని అనుమతులు చేర్చినా, విండోస్ ఫైర్‌వాల్‌లో అడ్డగించే నియమానిదే పైచేయి.

డిఫెండర్ ఫైర్‌వాల్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి ఇన్‌బౌండ్ రూల్స్ చూడండి. పేర్ల వరుసలో పైథాన్ దగ్గర ఎర్రటి అడ్డుగీత గుర్తు కనిపిస్తుంది, మామూలుగా టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి ఉంటాయి. వాటిని తీసేయండి. ఆ తరువాత వైఫై వివరాలలో ఈ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో చూడండి. కొత్తగా కలిసిన ప్రతి నెట్‌వర్క్‌నూ విండోస్ 11 ముందుగా పబ్లిక్‌గానే లెక్కిస్తుంది. ఇంటి వైఫైని ప్రైవేట్‌గా మార్చి, మీ 5000 పోర్టు నియమం కూడా ప్రైవేట్‌కు మాత్రమే వర్తించేలా పెట్టుకోండి, అప్పుడు ల్యాప్‌టాప్‌ను బయటికి తీసుకువెళ్లినప్పుడు ఆ తలుపు తెరిచి ఉండదు. తాళంచెవి గారి ఆందోళనకు కూడా ఇది కొంత సమాధానం అవుతుంది. డీబగ్ విషయంలో మాత్రం వారు చెప్పినదే సరైనది, ఫోన్ నుంచి వాడేటప్పుడు దానిని ఫాల్స్ చేయండి.

కొత్త కోడర్:
పైథాన్ పేరుతో ఎర్ర గుర్తున్నవి రెండూ తీసేయగానే పేజీ వచ్చింది. అందరికీ ధన్యవాదాలు. ల్యాప్‌టాప్ చిరునామా రేపు మారిపోతే ఫోన్‌లో మళ్లీ కొత్తది కొట్టుకోవాలా?

రాత్రిపూట:
ముందు గది రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టండి, ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ చిరునామాను బట్టి దానికి ఎప్పుడూ అదే ఐపీ చిరునామా ఇస్తుంది. విండోస్‌లో యాదృచ్ఛిక హార్డ్‌వేర్ చిరునామాల ఎంపిక ఆపి ఉందో లేదో ముందుగా చూసుకోండి.

తాళంచెవి:
డబ్ల్యూపీఎస్ ఆపడం మరిచిపోవద్దు. రెండు పెట్టెలలోనూ ఆపాలి, యాక్సెస్ పాయింట్‌గా మారినంత మాత్రాన పాతదానిలో అది దానంతట అదే ఆగిపోదు.

వాకిలి:
నాకూ ఫ్లాస్క్‌తోనే ఇబ్బంది వచ్చింది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మ్యాక్‌లో హోస్ట్ మార్చాను, ఒకే రౌటర్ ఉంది, అయినా ప్రోగ్రామ్ మొదలుపెట్టగానే 5000 పోర్టును ఇప్పటికే మరొకరు వాడుతున్నారని చెప్పి ఆగిపోతోంది. నేను మరే ప్రోగ్రామూ నడపడం లేదు.

రాత్రిపూట:
మ్యాక్‌ఓఎస్ మాంటెరీ నుంచి, ఇతర పరికరాల పాటలు, వీడియోలు అందుకునే ఎయిర్‌ప్లే రిసీవర్ ఆ పోర్టును వాడుకుంటోంది. దానిని ఆపండి, లేదా 5001 పెట్టుకోండి.

వాకిలి:
5001 పెట్టి చూశాను, ప్రోగ్రామ్ మొదలైంది కానీ ఫోన్‌లో రావడం లేదు.

రాత్రిపూట:
వెంటనే తిరస్కరిస్తోందా, సమయం మించిపోతోందా?