నేవీ బేస్ వస్తే ఊరికి, రాష్ట్రానికి నిజంగా ఏం మిగులుతుంది?

ఎలమంచిలి కుర్రాడు (ప్రశ్న):

మాది అచ్యుతాపురం దగ్గర పల్లె. రాంబిల్లి తీరంలో నేవీ బేస్ కడుతున్నారు కదా, దాన్ని నమ్ముకుని మా నాన్న ఆరు పోర్షన్ల ఇల్లు కట్టేద్దాం అంటున్నారు. లోను నా పేరు మీద తీసుకోవాలి. నాకు టెన్షన్‌గా ఉంది. వైజాగ్‌కి నేవీ వచ్చి ఏళ్ళు గడిచాయి కాబట్టి అక్కడివాళ్ళని అడుగుతున్నాను. జీతాల డబ్బు ఊళ్ళోకి వస్తుందా, గోడ లోపలే తిరుగుతుందా? రాష్ట్రానికి వచ్చేదేంటి? మీ కళ్ళతో చూసింది చెప్పండి.

లెక్కల మాస్టారు:

రాష్ట్రం సంగతి వరకు చెప్తాను. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రం ఆస్తుల మీద రాష్ట్రం గానీ మున్సిపాలిటీ గానీ మామూలుగా పన్ను వెయ్యడానికి లేదు. నీళ్ళు, రోడ్ల లాంటి వాటికి సర్వీస్ ఛార్జీలు వస్తే వస్తాయి. నౌకాదళం వాళ్ళు కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ కేంద్రానికి పోతుంది. పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకివ్వాలని, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతమని 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అంటే వైజాగ్‌లో కట్టిన పన్నైనా, లక్నోలో కట్టిన పన్నైనా మనకొచ్చే వాటా ఒకటే. సైనికులకి సరుకులమ్మే క్యాంటీన్లలో సరుకు మీద కట్టిన జీఎస్టీలో సగం క్యాంటీన్ శాఖకి తిరిగి వెళ్ళిపోతుంది. ఇక రాష్ట్రానికి నేరుగా దక్కేది బయట కొన్న వస్తువుల జీఎస్టీలో భాగం, పెట్రోలు మీద వ్యాట్, రిటైరయ్యాక ఇక్కడే ఫ్లాట్ కొనుక్కుంటే రిజిస్ట్రేషన్ ఫీజు. డబ్బు ఊళ్ళో ఎన్ని చేతులు మారితే రాష్ట్రానికి అంత లాభం. అది ఎలా మారుతుందో అక్కడ వ్యాపారం చేసేవాళ్ళే చెప్పాలి.

మల్కాపురం టైలరక్క:

తమ్ముడూ, మా నాన్నగారు నేవల్ డాక్‌యార్డ్‌లో పైప్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను మల్కాపురంలో 26 ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. నా పనిలో సగం పైనే నేవీ వాళ్ళ తెల్ల డ్రెస్సులు. ఈ సంగతి మీద నాకు చాలా పట్టింపు ఉంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా వైపు ఊళ్ళ పేర్లు కూడా ఓడల వల్లే వచ్చాయి. సింధియా జంక్షన్ అంటే ఇక్కడ యార్డు పెట్టిన సింధియా కంపెనీ పేరు. 1948లో జల ఉష ఓడ ఆ యార్డులోంచే నీళ్ళలోకి దిగింది. ఎన్ఏడీ కొత్త రోడ్డు అని రోజూ అంటాం కదా, అది నేవల్ ఆర్మమెంట్ డిపో. 1968లో తూర్పు నౌకాదళం వచ్చాక ఇక్కడ పెరిగిన వాడల్లో ఆ జీతం తగలని ఇల్లు తక్కువ.

ముందు నా షాపు సంగతి విను. తెల్ల గుడ్డ మీద మెషీన్ నూనె చుక్క పడిందంటే ఆ పీసు పోయినట్టే. అందుకని తెల్ల బట్టలకి ఒక మెషీన్ విడిగా పెట్టాను. దానికి నూనె వేసిన రోజు ముందు అరగంట పాత గుడ్డ మీద కుట్టి, మరక రావట్లేదని చూసుకున్నాకే అసలు గుడ్డ ముట్టుకుంటాను. డిసెంబర్ 4 నేవీ డే ముందర రాత్రి పన్నెండు దాకా కుట్టిన రోజులున్నాయి. 2016లో ఫ్లీట్ రివ్యూకి దేశదేశాల ఓడలొచ్చినప్పుడు ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని పెట్టుకున్నాను. అదే ఓడలు సెయిలింగ్‌కి వెళ్ళిపోతే వీధంతా చప్పబడిపోతుంది. ఎప్పుడొస్తాయని మేం అడగం, వాళ్ళూ చెప్పరు. చెప్పకూడదు కూడా. ఆ రోజుల్లో స్కూలు యూనిఫామ్‌లు, జాకెట్లు కుట్టుకుంటూ అద్దె కట్టుకుంటాం.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. యూనిఫామ్ వేసుకునే అబ్బాయి జీతం అంతా మన దగ్గర ఖర్చవదు. బియ్యం, సబ్బులు, నూనె, ఫ్రిజ్జు, బండి కూడా క్యాంటీన్లోనే దొరుకుతాయి. వైద్యం నేవీ ఆసుపత్రి కల్యాణిలో, పిల్లల చదువు చాలావరకు వాళ్ళ స్కూళ్ళలో. మిగిలిందాంట్లో సగం బిహార్‌లోనో, హర్యానాలోనో, కేరళలోనో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్లోనే పంపేస్తారు. బిడ్డ ధర్మం అది, తప్పు పట్టను. బయట మనకి దక్కేది ఇంటద్దె, పాలు, కూరలు, చేపలు, ఆటో, బండి రిపేరు, నాలాంటి వాళ్ళ కుట్టుకూలి.

డాక్‌యార్డ్‌లో పనిచేసే సివిలియన్ జీతం మాత్రం ఎక్కడికీ పోదు. మా నాన్నగారు అప్రెంటిస్ స్కూల్లో చేరి పని నేర్చుకున్నారు. ఆయన పీఎఫ్ డబ్బుతో శ్రీహరిపురంలో ఇల్లు లేచింది, చెల్లి నర్సింగ్ చదివింది. ఇప్పుడు పెన్షన్‌తో అమ్మ మందులు. ఇటుక, సిమెంటు, కాలేజీ ఫీజు అన్నీ ఇక్కడే. అందుకే మీ రాంబిల్లి వాళ్ళు అడగాల్సింది ఒకటుంది: మన ఐటీఐ పిల్లల్ని ఎంతమందిని ఫిట్టర్లుగా, వెల్డర్లుగా తీసుకుంటారు? భూమి, సముద్రం ఇచ్చిన ఊళ్ళకి ముందు ఇవ్వాల్సింది అదే. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ తర్వాత ఓడలు కట్టే పని. ఆ సింధియా యార్డే ఇప్పటి హిందుస్తాన్ షిప్‌యార్డ్, అది 2010లో రక్షణ శాఖ కిందకి వచ్చింది. 2025లో నేవీలో చేరిన నిస్తార్ ఓడ అక్కడ కట్టిందే. దానికి 120 చిన్న పరిశ్రమలు పనిచేశాయని చెప్పారు. అన్నీ మన ఊరివని కాదు గానీ పని అంతమందికి పాకుతుంది. 2023లో ఐదు సపోర్ట్ ఓడలకి 19 వేల కోట్ల పైన ఆర్డరొచ్చింది. మా మేనమామ కొడుక్కి గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపుంది. ఇలాంటి పనే ఒక పెద్ద కాంట్రాక్టర్ దగ్గర సబ్‌గా తీసుకున్నాడు. పని బాగుందన్నారు, బిల్లు మాత్రం పదకొండు నెలలకొచ్చింది. ఈలోపు వాడు ఇద్దరు కుర్రాళ్ళని మాన్పించాల్సి వచ్చింది. ఆర్డరు పెద్దదైతే చాలదు, కింద చివరి షాపు దాకా డబ్బు సమయానికి దిగాలి.

ఇక ఆరు పోర్షన్లు. వద్దు. క్వార్టర్ దొరకని కుటుంబాలు బయట అద్దెకుంటాయి, నిజమే. కొత్త క్వార్టర్లు పూర్తయిన ఏడాది మా వీధిలో నాలుగు ఇళ్ళకి టు-లెట్ బోర్డులు వేలాడాయి. పైగా 2022 నుంచి అగ్నివీర్‌లు వస్తున్నారు. వాళ్ళ నాలుగేళ్ళ సర్వీసులో పెళ్ళి చేసుకోకూడదు, ఉండేది బ్యారక్‌లో. మీ నాన్నగారు ఆశపడుతున్నట్టు కుటుంబాలు రావడానికి టైం పడుతుంది.

పెదజాలారిపేట:

అక్క చెప్పిందంతా రోడ్డు వైపు సంగతి. సముద్రం వైపుది కూడా రాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ వేట నిషేధం. దానికి తోడు నేవీ విన్యాసాలున్న రోజుల్లో అటు బోటు వెళ్ళడానికి లేదు. ఆ రోజు వేట పోయినా డీజిలు అప్పు ఆగదు. దేశానికి నేవీ కావాలి, 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది మా తీరానికి ఎదురుగానే, మా తాతలు ఆ కథ చెప్పేవారు. కానీ రాంబిల్లిలో తీరం వదులుకున్న మావాళ్ళకి ఇచ్చింది ఇల్లూ, డబ్బూ. వలతో బతికినవాడికి సముద్రం దూరమైతే ఆ డబ్బు ఎన్నాళ్ళు? లాభం లెక్క వేసేవాళ్ళు దీన్ని కూడా ఖర్చు కింద రాయాలి.

లెక్కల మాస్టారు:

నిజం, అది రాయాల్సిందే. ఎయిర్‌పోర్టు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వైజాగ్ రన్‌వే ఐఎన్ఎస్ డేగాది, మామూలు విమానాలు నేవీ ఇచ్చిన వేళల్లో దిగాలి. భోగాపురంలో కొత్తది కట్టడానికి అదీ ఒక కారణం. మరోవైపు బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాని టికెట్ డబ్బు మన ప్రాంత అభివృద్ధి సంస్థకే వస్తుంది.

ఎలమంచిలి కుర్రాడు:

అక్కా, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఐటీఐ మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదవమన్నారు. మా తమ్ముడు ఈ ఏడే టెన్త్ పాసయ్యాడు. ఇల్లు మాత్రం నాన్న మానరంట. ఎన్ని పోర్షన్లయితే పర్లేదు?

మల్కాపురం టైలరక్క:

రెండుతో మొదలుపెట్టండి. పైన వేసుకోవడానికి పిల్లర్లు మాత్రం ఇప్పుడే గట్టిగా వేయించు. అచ్యుతాపురం సెజ్‌లో పనిచేసే అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి ఉండేలా ఒకటి కట్టు. నేవీ వాళ్ళు ఆలస్యమైనా లోను కట్టుకోవచ్చు. వాళ్ళకి బాత్రూంలు రెండుండాలి, పొద్దున షిఫ్టు టైంకి ఒకటి చాలదు. రెండోది కుటుంబానికి. బదిలీలు ఎక్కువగా మే, జూన్‌లో వస్తాయి కాబట్టి రంగులు ఏప్రిల్‌కల్లా అయిపోవాలి. తమ్ముడిని ఫిట్టర్ ట్రేడ్‌లో వెయ్యి. అప్లికేషన్ నింపేటప్పుడు డౌట్ వస్తే నాకు రాయి, మా నాన్నగారిని అడిగి చెప్తాను.