బెయిలు వచ్చింది, మనిషి రాలేదు: ఇద్దరు ష్యూరిటీల పద్ధతి ఎత్తేయాలా?

కోర్టుమెట్లు:
2022 చివరి లెక్క ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైనే నేరం రుజువు కానివాళ్లు. బెయిలు రానివాళ్ల గొడవ ఇప్పుడొద్దు. ఆర్డరు చేతికొచ్చాక కూడా లోపలే ఉన్నవాళ్ల సంగతి మాట్లాడుకుందాం. ‘పదివేలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు’ (ష్యూరిటీలు, అంటే వీణ్ని వాయిదాలకు తెస్తామని పూచీపడే మనుషులు) అన్న ఒక్క వాక్యం దగ్గర కూలివాడు ఆగిపోతున్నాడు. పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో పట్టుకుని కోర్టుకొచ్చే ఇద్దరు వాడికి ఎక్కణ్నుంచి వస్తారు? చిన్న కేసుల్లో ఈ పద్ధతి తీసేయాలంటాను.

నల్లకోటు:
తీసేస్తే ఏమవుతుందో కూడా రాయండి. నలుగురు నిందితుల్లో ఒకడు వాయిదాకు రాడు. ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంటు) వేస్తారు. ఇచ్చిన అడ్రసులో తాళం. కొన్ని వాయిదాలు చూసి వాడి కేసు విడగొడతారు. రేపు వాడు దొరికితే అవే సాక్షులు మళ్లీ బోనెక్కాలి. సొత్తు పోయినవాళ్లకు ఇది రెండో శిక్ష. ష్యూరిటీ ఉంటే కనీసం ‘మీవాడేడి?’ అని అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

పాసుపుస్తకం:
అడగడానికి ఉంటాడా? కోర్టు బయట టీకొట్టు దగ్గర దొరికే అద్దె ష్యూరిటీకి నిందితుడి పేరే సరిగ్గా తెలియదు. అవే కాగితాలు పక్క కోర్టులోనూ తిరుగుతుంటాయి. జామీనుదారు తాను ఇంతవరకు ఎందరికి పూచీ ఉన్నాడో, వాళ్ల వివరాలతో సహా రాసివ్వాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 486వ సెక్షను చెబుతోంది. అది ఫారం నింపి సంతకం పెట్టే తంతుగా మిగిలితే, చట్టాన్ని నమ్మి సొంత బంధువును తెచ్చినవాడే ఇబ్బంది పడతాడు. వాడి కాగితాల్నే తహసీల్దారు ఆఫీసుకు తనిఖీకి పంపుతారు. అద్దెవాడి కాగితాలు మాత్రం ఎప్పుడూ సిద్ధం.

గట్టుమీద:
ఈ వాదన కొత్తది కాదు. మోతీరామ్ కేసు, 1978. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీని బెయిలు మీద వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు పదివేలకు పూచీ అడిగాడు. అన్నదమ్ముడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కుదరదన్నాడు. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్లాల్సి వచ్చింది. వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదిలేయమన్నారు జస్టిస్ కృష్ణయ్యర్. బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుబడిన తెలుగువాడు ఆ ఊరి జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారాయన. మన వలస కూలీల గురించి అంత సూటిగా అడిగిన ప్రశ్న ఇంకోటి నేనెరగను. స్థానిక ష్యూరిటీయే కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే, మధ్యలో 45 ఏళ్లు ఏం జరిగిందో ఊహించుకోండి.

కోర్టుమెట్లు:
అందుకే ఎత్తేయమంటున్నాను.

వాయిదాపుస్తకం:
చట్టం మారేదాకా లోపలున్నవాడు ఆగాలా? ఉన్నవాటినే వాడించాలి. ఊళ్లో డిగ్రీ చదివిన ఇద్దరు కుర్రాళ్లు కూర్చుంటే చాలు. ముందు ఆర్డరు తేదీ రాసుకోండి. అదే రోజో మర్నాడో ఆర్డరు కాపీ కోర్టు నుంచి ఈమెయిల్లో జైలుకు వెళ్లాలి. ఆర్డరు తేదీ నుంచి ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే, సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. ఎనిమిదో రోజు మీరే ఆ ఆఫీసుకు వెళ్లి ఒక కాగితం ఇవ్వండి, రసీదు తీసుకోండి. అందులో ఖైదీ పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, స్టేషను, ఆర్డరు తేదీ, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కోర్టులో ఆ కేసు గుర్తింపు నంబరు) ఉండాలి. ‘మావాడు జైల్లో ఉన్నాడండీ’ అని నోటిమాటగా చెప్పి వస్తే ఆ మాట అక్కడే పోతుంది. ఆదాయం ఎంతని అడగక్కర్లేదు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత వకీలు హక్కు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోను చేసినా సరే. నెల దాటినా పూచీ పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. కానీ నెల దాటిందని కోర్టుకు ఎవరో ఒకరు గుర్తుచేయాలిగా.

నల్లకోటు:
దీంతో నాకు పేచీ లేదు. ఒకటి కలపండి: ష్యూరిటీలు దొరకనప్పుడు, బీఎన్ఎస్ఎస్ 490 కింద నగదు డిపాజిట్ కట్టనివ్వమని పిటిషన్ వేయొచ్చు. మొత్తం ఎక్కువైతే 484 కింద తగ్గించమని సెషన్స్ కోర్టుకు వెళ్లొచ్చు. చాలామంది ఈ రెంటినీ వదిలేసి ష్యూరిటీల వేటలోనే నెలలు గడిపేస్తారు.

పాసుపుస్తకం:
నగదు ఎవరిస్తారు? 2023లో కేంద్రం తెచ్చిన పేద ఖైదీల పథకం ఉంది, మొదట్లో విచారణ ఖైదీకి 40,000 దాకా అన్నారు. జిల్లా కమిటీ మంజూరు చేయాలి. చిక్కేమిటంటే, ఆర్డరులో ‘ఇద్దరు జామీనుదారులు’ అని ఉంటే ఆ డబ్బు మనిషికి బదులు చెల్లదు. ముందు 490 పిటిషన్ వేసి నగదుకు మార్పించుకోవాలి, తర్వాత కమిటీ దగ్గరకు వెళ్లాలి. వరస తప్పితే ఫైలు వెనక్కొస్తుంది.

గట్టుమీద:
అసలు చిక్కు ఒకటికి మించి కేసులున్నవాళ్లది. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు విచారణ ఖైదీగా గడిపితే బీఎన్ఎస్ఎస్ 479 కింద వదలాలి. ఏడేళ్ల నేరమైతే 28 నెలలు. మిగతావాళ్లకు సగం, 42 నెలలు. (ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు.) దరఖాస్తు పెట్టాల్సింది కూడా సూపరింటెండెంటే. కానీ రెండో ఉపసెక్షను చూడండి: ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు లేదు. సైకిలు దొంగతనానికి పట్టుకుని పాత కేసులు మూడు తగిలిస్తే మనిషి దీనికి బయటే. పైగా కేసుకో జత ష్యూరిటీలు. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో 13 ఎఫ్ఐఆర్‌లలోనూ బెయిలు వచ్చి, ష్యూరిటీలు దొరక్క లోపలే ఉన్న మనిషికి సుప్రీంకోర్టు దారి చూపింది: ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ ఆ ఇద్దరు ష్యూరిటీలే చాలు. కింది కోర్టు పిటిషన్‌లో ఈ తీర్పు చూపించమని వకీలుకు చెప్పండి.

నల్లకోటు:
సరే, చిన్న కేసుల్లో ష్యూరిటీ బదులు నగదు, లేదా సొంత పూచీ. ఒప్పుకుంటాను. కానీ ఉంటున్న అడ్రసుకు వెళ్లి చూసొచ్చే మనిషి కావాలి. ఆ పని పారా లీగల్ వాలంటీరుకు (న్యాయ సేవాధికార సంస్థ తరఫున పనిచేసే కార్యకర్తకు) అప్పగిస్తారా? వాళ్లకిచ్చే గౌరవ వేతనంతో?

కోర్టుమెట్లు:
జైల్లో ఒక మనిషిని నెలరోజులు మేపే ఖర్చుతో పోల్చి చూడండి.

వాయిదాపుస్తకం:
దీనిమీద తర్వాత కొట్టుకుందాం. రేపు ఎవరైనా ఆర్డరు పట్టుకుని జైలుకు వెళ్తుంటే, బయల్దేరేముందే అందులో పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు రిమాండ్ వారెంటుతో (జైల్లో పెట్టమని కోర్టు ఇచ్చిన కాగితంతో) సరిపోయాయో చూసుకోండి. వెంకటేశ్‌కు బదులు వెంకటేశ్వర్లు అని పడితే గేటు దగ్గర ఆపేస్తారు. సవరణకు మళ్లీ కోర్టుకే వెళ్లాలి. శుక్రవారం సాయంత్రం ఆర్డరైతే ఆ పని ఇక సోమవారానికే.