ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసుకు లాయర్ ఫీజు ఎంత ఇవ్వొచ్చు? (నెల్లూరు, ఒంగోలు వైపు)

పెన్నాఒడ్డు:
నాన్నకు 148ఏ నోటీసు (పాత ఏడాది కేసు ఎందుకు తెరవకూడదో చెప్పమనేది) వచ్చింది. 2022-23లో కోవూరు పక్కన పొలం అమ్మారు. దస్తావేజులో 18 లక్షలు, అది చెక్కు. అది కాక సేవింగ్స్ ఖాతాలో నగదు 22 లక్షలు వేశారు. ఆ ఏడు రిటర్న్ వేయలేదు. ముగ్గురిని అడిగితే ఒకరు 15 వేలన్నారు, ఒకరు 60 వేలన్నారు. మూడో ఆయన "ఇప్పుడేమీ వద్దు, తగ్గించిన పన్నులో పదోవంతు ఇవ్వండి" అన్నారు. ఒక్క నోటీసుకు ఇంత తేడా ఏందన్నా?

సింహపురిలెక్కలు:
మూడో ఆయన్ని పక్కన పెట్టు. గెలిస్తే ఇంత శాతం అని మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నియమాల్లోనే నిషిద్ధం. సీఏలకు 1949 చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం కూడా, కొద్ది మినహాయింపులు వదిలేస్తే, అదే చెబుతుంది. ఆ మాట అన్నాడంటే ఆయన ఆ రెండూ కాడు, లేదంటే నియమం లెక్కచేయడు.

మిగతా రెండూ ఒకే పనికి చెప్పిన రేట్లు కాకపోవచ్చు. నీ కేసులో మెట్లు మూడు. ఒకటి, 148ఏ కింద "కేసు ఎందుకు తెరవకూడదు" అన్న దానికి జవాబు. రెండు, తెరిస్తే 148 నోటీసుకు రిటర్న్ వేయడం, ఆపైన 142(1) కింద అడిగే ప్రశ్నలకు జవాబులు, షోకాజ్ (ఇంత పన్ను ఎందుకు వేయకూడదు అనే నోటీసు), పన్ను తేల్చే ఆర్డర్. మూడు, అప్పీల్. 15 వేలు మొదటి మెట్టుకే అయ్యుండొచ్చు, 60 వేలు ఆర్డర్ వచ్చేదాకా అయ్యుండొచ్చు. ఏ మెట్టుకు ఎంత, వీడియో హియరింగ్ వస్తే అందులో కలిసిందా, వేరేనా అని వాట్సాప్‌లోనైనా రాయించుకో. పని మధ్యలో "ఇది వేరే సార్" అనే గొడవ జాస్తిగా వచ్చేది రెండో మెట్టులోనే.

గుండ్లకమ్మ:
జీఎస్టీ కూడా అడగండి. రిజిస్ట్రేషన్ ఉన్న సీఏ బిల్లులో 18 శాతం పడుతుంది, 60 వేలు కాస్తా 70,800 అవుతుంది. వ్యాపారం లేని మనిషికి వకీలు చేసే పని మీద జీఎస్టీ లేదు.

ఒంగోలుగిత్త:
అసలు లాయరే కావాలా అన్నది ముందు తేల్చుకోండి. సెక్షన్ 288 ప్రకారం సీఏ, అడ్వొకేట్, ట్యాక్స్ ప్రాక్టీషనర్, చివరికి దగ్గరి బంధువు కూడా తరఫున హాజరు కావచ్చు. ట్రైబ్యునల్ (రెండో అప్పీల్) దాకా సీఏ వాదించగలడు, అమరావతి హైకోర్టుకు మాత్రం అడ్వొకేటే. అసెస్‌మెంట్, మొదటి అప్పీల్ చాలావరకు ఫేస్‌లెస్, అంటే ఎదురుపడకుండా ఆన్‌లైన్‌లోనే. ఫైలు ఏ ఊరి అధికారి చూస్తున్నాడో మనకు తెలియదు. కాబట్టి "ఆఫీసులో మాకు తెలిసినవాళ్లున్నారు" అని చెప్పేవాళ్లకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. హైదరాబాద్ పేరు చెప్పి జాస్తి అడిగినా అంతే, జవాబు పోర్టల్‌లోనే పోతుంది.

లెక్క తేలాల్సిన కేసయితే (బ్యాంకు జమలు, టర్నోవర్, 44ఏడీ కింద చిన్న వ్యాపారాల అంచనా ఆదాయం) సీఏ దగ్గరికి. చట్టం తేలాల్సిన కేసయితే (నోటీసు గడువు దాటిందా, పొలం క్యాపిటల్ అసెట్టా, అంటే అమ్మిన లాభం మీద పన్ను పడే ఆస్తా కాదా, పెనాల్టీ నిలుస్తుందా) ట్యాక్స్ కేసులే చూసే వకీలు దగ్గరికి. సివిల్ దావాలు చూసే వకీలు ఈ పని కొత్తగా నేర్చుకుంటే ఆ నేర్చుకునే ఖర్చు మనదే.

రొయ్యలగుంట:
139(9) డిఫెక్టివ్ నోటీసుకు (రిటర్న్‌లో లోపముందనేది) మా వైపు 5 వేలు అడుగుతున్నారు. సరైనదేనా?

సింహపురిలెక్కలు:
జాస్తి. చాలాసార్లు తప్పు ఫారమ్ ఎంచుకోవడం, లేదా 26ఏఎస్‌లో (మన పాన్ మీద కోసిన పన్ను పట్టిక) కనబడే రసీదు రిటర్న్‌లో చూపకపోవడమే కారణం. 15 రోజుల్లో సరిచేసి మళ్లీ అప్‌లోడ్ చేయడమే పని. వెయ్యి, రెండు వేలు చాలు. రిటర్న్ చూశాక పంపే 143(1) ఇంటిమేషన్‌లో టీడీఎస్ తేడా వస్తే 154 రెక్టిఫికేషన్ (తప్పు సరిచేయమనే దరఖాస్తు) కూడా అంతే, ఓపికుంటే ఎవరికి వారే వేసుకోవచ్చు. ఒక్క మాట: చెరువు ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయం గడిలో వేసి ఉంటే అది వేరే తలనొప్పి. శాఖ రొయ్యల సాగును వ్యాపారంగానే చూస్తుంది, అప్పుడు 5 వేలు ఎక్కువేం కాదు.

గుండ్లకమ్మ:
పెన్నాఒడ్డు గారూ, మీ కేసులో ఫీజు కన్నా పెద్ద అంకె ఇంకోటుంది, చూడండి. ఆ 22 లక్షలు ఎక్కడివో చూపలేకపోతే 69ఏ కింద లెక్కలేని డబ్బు. దాని మీద 115బీబీఈ రేటు 60 శాతం, సర్‌చార్జి, సెస్ కలిపి 78 శాతం. అంటే 17,16,000. వడ్డీ, పెనాల్టీ ఆ పైన. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చినా 2022-23 లావాదేవీకి 1961 చట్టమే.

"అది పొలం డబ్బే" అని రాస్తే సరిపోతుందిగదా అనుకుంటారు. చిక్కు అక్కడే ఉంది. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం 269ఎస్ఎస్‌కు విరుద్ధం. 271డీ కింద ఎంత తీసుకుంటే అంత పెనాల్టీ. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ వ్యవసాయ ఆదాయం ఉండి, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. పైగా కొన్నాయన "నేను నగదు ఇవ్వలేదు" అనొచ్చు, ఒప్పుకుంటే నోటీసు ఆయన ఇంటికీ పోతుంది. ఒక గొయ్యి తప్పించుకోబోయి ఇంకో గోతిలో పడకుండా ఆ జవాబు రాయడానికే మీరు ఫీజు ఇచ్చేది. ఇక్కడ 15 వేల ఆయన్ని పట్టుకుని 45 వేలు మిగిల్చుకోవడం తెలివి కాదని నా అభిప్రాయం.

ఒంగోలుగిత్త:
ఇంకో పాయింట్. గ్రామీణ వ్యవసాయ భూమి క్యాపిటల్ అసెట్ కాదు, లాభం మీద పన్ను లేదు. కానీ జనాభా లక్ష దాటి 10 లక్షల లోపున్న ఊరైతే మున్సిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్ల దాకా గ్రామీణం కింద రాదు. నెల్లూరు, ఒంగోలు రెండూ ఈ కోవలోవే. కొలిచేది రోడ్డు మీద కాదు, గాలిలో గీత గీసినట్టు. పెన్నా వంతెన చుట్టూ తిరిగి లెక్కేస్తే దూరం కనిపిస్తుంది గానీ కోవూరు పొలాలు చాలా ఆ గీత లోపలే పడతాయి. కావలి లాంటి లక్షలోపు ఊళ్లకు 2 కిలోమీటర్లే. తహసీల్దార్ దగ్గర దూరం సర్టిఫికెట్ తీసుకోండి. గీత లోపల పడి, పొలం అంతకు ముందు నుంచే మీదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువకు రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి, ఆ ఖర్చు వకీలు ఫీజులో ఉండదు. రెండేళ్లలోపు వేరే పొలం కొని ఉంటే 54బీ మినహాయింపు కూడా చూడమనండి.

రొయ్యలగుంట:
అప్పీల్‌కు పోతే ఎంత అవుద్ది?

సింహపురిలెక్కలు:
ప్రభుత్వ ఫీజు తక్కువే. మొదటి అప్పీల్ వేసే ఫారం 35కు, ఆర్డర్‌లో తేల్చిన ఆదాయం 2 లక్షలు దాటితే 1,000. ఆర్డర్ అందిన 30 రోజుల్లో వేయాలి. ట్రైబ్యునల్‌కు ఆ ఆదాయంలో 1 శాతం, ఎంత పెద్ద కేసైనా 10,000 మించదు. డబ్బు పోయేది డిమాండ్ (కట్టమన్న పన్ను) దగ్గర. వసూలు ఆపే స్టే కావాలంటే మామూలుగా 20 శాతం కట్టమంటారు. పై లెక్కలో 17.16 లక్షలకు 3.43 లక్షలు. కట్టని దానికి 30 రోజుల తర్వాత నెలకు 1 శాతం వడ్డీ నడుస్తుంది. ఫీజు మాట్లాడేటప్పుడు స్టే పిటిషన్ కలిసిందా అని అడగాల్సింది ఇందుకే.

రిటర్న్ వేయనివాళ్ల అప్పీళ్లు 249(4) దగ్గర చిక్కుకుంటాయి. ముందస్తు పన్ను (అడ్వాన్స్ ట్యాక్స్) పడే ఆదాయం ఉంటే ఆ మేరకు కట్టి ఉండాలి, లేదా కారణం చూపి మినహాయింపు అడగాలి. ఫారం 35లోని ఆ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

రొయ్యలగుంట:
జీఎస్టీలో డబ్బు కట్టమని వచ్చే డీఆర్‌సీ-07 ఆర్డర్‌కూ ఇంతేనా?

గుండ్లకమ్మ:
కాదు. అక్కడ అప్పీల్‌కు మూడు నెలలు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. ఆలస్యమైతే మహా అయితే ఇంకో నెల, అదీ కారణం ఒప్పుకుంటేనే. విడిగా థ్రెడ్ పెట్టండి, ఇందులో కలిస్తే రెండూ చెడతాయి.

ట్రంకురోడ్డు:
ఫీజు తగ్గించుకునే దారి ఒకటుంది, కాగితాలు మీరే సర్దివ్వండి. దస్తావేజు నకలు, ఈసీ, అడంగల్, 1బీ, ఏడాది మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్, ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మన లావాదేవీల జాబితా), 26ఏఎస్. ప్రతి నగదు జమ పక్కన అదెక్కడిదో పెన్సిల్‌తో రాయండి. సంచిలో చిత్తు కాగితాలు తెచ్చి బల్ల మీద పోస్తే జూనియర్లు వాటిని ఏరే రోజులకూ మీరే కడతారు. పాత తేదీతో అగ్రిమెంట్ రాయిద్దాం అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. స్టాంపు అమ్మినవాళ్ల రిజిస్టర్‌లో ఆ కాగితం అమ్మిన తేదీ ఉంటుంది.

పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, ఈ-ప్రొసీడింగ్స్‌లో ఆథరైజ్డ్ రిప్రజెంటేటివ్‌గా చేరిస్తే చాలు. అలాగే ప్రొఫైల్‌లో ఫోను, ఈమెయిల్ ఎవరివి ఉన్నాయో చూడండి.

పెన్నాఒడ్డు:
ఇప్పుడే చూశా. ఫోన్ నాన్నదే. ఈమెయిల్ మాత్రం పాన్ కార్డు తీయించిన ఇంటర్నెట్ సెంటర్‌ది. జవాబు గడువు ఇంక నాలుగు రోజులే.

సింహపురిలెక్కలు:
ఈమెయిల్ ఈ రాత్రికే మార్చు. రేపు పొద్దున ఈ-ప్రొసీడింగ్స్‌లో అడ్జర్న్‌మెంట్ (గడువు పొడిగింపు) అడుగు, కారణం కింద "తహసీల్దార్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేశాం" అని రాసి రసీదు జతచెయ్. దరఖాస్తు నిజంగా పెట్టాకే అలా రాయి. వాళ్లు ఇవ్వకపోవచ్చు కాబట్టి ఆ 60 వేల ఆయన దగ్గరికి రేపే పో, మొదటి మెట్టుకు విడిగా ఎంతో అడుగు.