ఫ్రాంకో మనిషే ఎలక్షన్లు ఎందుకు పెట్టించాడు?

కావలి కుర్రోడు: అన్నా, గ్రూప్స్‌కి చదవతా స్పెయిన్ దగ్గర ఇరుక్కుపోయా. ఈ అడాల్ఫో సువారెజ్, అక్కడి నియంత ఫ్రాంకో మనిషే గదా, సర్కారు టీవీకి డైరెక్టర్ గూడా చేశాడంట, మరి ఆ పాలనని ఆయనే ఎందుకు కూల్చాడు?

ఒంగోలు మాస్టారు: తమ్ముడూ, 1975లో ఫ్రాంకో పోయాడు, 1976 జులైలో రాజు హువాన్ కార్లోస్ ఈయన్ని ప్రధానిని చేశాడు, 43 ఏళ్లే అప్పటికి, లోపలి మనిషి కాబట్టే ఆ పాత పార్లమెంటు చేతనే దాని సమాధి దానితోనే తవ్వించాడు, అంటే కొత్త ఎలక్షన్ల చట్టానికి వాళ్లతోనే ఓటేయించాడు, అదీ కిటుకు. 1977 ఏప్రిల్లో ఈస్టర్ సెలవల్లో జనం ఊళ్లకి పోయుంటే కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశాడు, మిలిటరీవోళ్లకి కడుపు మండిపోయింది. జూన్ 15న ఎలక్షన్లు, ఈయన కూటమే గెలిచింది.

కందుకూరు అక్క: మాస్టారూ, 1981 ఫిబ్రవరి 23 వదిలేశారేంది? సర్కారుని కూలదోద్దామని సివిల్ గార్డు పోలీసులు పార్లమెంటులోకి తుపాకులతో జొరబడి పైకప్పుకి కాలిస్తే మెంబర్లంతా బెంచీల కింద దూరారు, ఈయన సీట్లోంచి కదల్లా. కమ్యూనిస్టు నాయకుడు కర్రిల్లో గూడా అట్టనే కూర్చున్నాడు. అప్పటికే సువారెజ్ రాజీనామా ఇచ్చేసున్నాడు, చూడు.

కావలి కుర్రోడు: అబ్బో! మరి తర్వాత ఓట్లు పడినాయా?

ఒంగోలు మాస్టారు: యాడ పడతాయి? 1982లో సొంత పార్టీ పెడితే వచ్చింది 2 సీట్లు. 2014లో పోయాక మాత్రం మాడ్రిడ్ ఎయిర్‌పోర్టుకి ఆయన పేరు పెట్టారు.