టొరంటో వెళ్తున్న తమ్ముడికి: కారు, పార్కింగ్, కిరాయి సైకిల్

నమస్తే అన్నలు, అక్కలు. మాది హనుమకొండ, నయీంనగర్. వచ్చే నెల చదువు కోసం టొరంటో వెళ్తున్నాను. కారు తప్పనిసరా, సైకిల్‌తో గడుస్తుందా? పార్కింగ్ ఫైన్ల గురించి వింటుంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

తమ్ముడూ, నేను టొరంటోలో ఉండబట్టి తొమ్మిదేళ్లు. ఇప్పుడు సెలవుకు కాజీపేటలో అమ్మావాళ్ల దగ్గర ఉన్నాను. నిన్ననే నాన్నతో రైల్వే స్టేషన్‌కు వెళ్లి బండి స్టాండులో పెట్టాం. స్టాండు అబ్బాయి చీటీ సగానికి చింపి ఒక ముక్క హ్యాండిల్‌కు గుచ్చాడు, ఇంకో ముక్క నాన్నకిచ్చాడు. నాన్న దాన్ని మడిచి జేబులో భద్రంగా పెట్టుకున్నారు.

టొరంటోలో ఈ పని చేసేది నగరం సొంత సంస్థ, టొరంటో పార్కింగ్ అథారిటీ. 1952 నుంచి ఉంది. ఆకుపచ్చ గుండ్రంలో 'పి' అక్షరం కనిపిస్తే ఆ స్థలం వాళ్లదే, అందుకే అందరూ 'గ్రీన్ పి' అంటారు. ఎక్కువ చోట్ల చీటీ ఉండదు. బోర్డు మీద ఉన్న స్థలం నంబరు, నీ కారు నంబరు యాప్‌లో కొట్టి పైసలు కడితే సరి. క్లాసు ఆలస్యమైతే అక్కడినుంచే టైమ్ పెంచుకోవచ్చు, కానీ ఆ చోట ఎంతసేపు ఉండనిస్తారో అంతవరకే.

వీధుల్లో ఫైన్ రాసేది మాత్రం పోలీసు శాఖ పార్కింగ్ సిబ్బంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడంటే, బోర్డు లేని వీధిలో ఎంతసేపైనా ఆపొచ్చనుకోవడం. బోర్డు లేకపోయినా మూడు గంటలే. మంటలార్పడానికి రోడ్డు పక్కన ఉండే నీళ్ల హైడ్రెంట్‌కు మూడు మీటర్ల లోపు అసలే ఆపకు.

ఇక సైకిళ్లు. నాకు ఇష్టమైన సంగతి ఇదే. అక్కడ కిరాయి సైకిళ్ల ఏర్పాటు 2011లో బిక్సీ పేరుతో 80 స్టేషన్లు (అంటే సైకిళ్లు తీసి, పెట్టే స్టాండులు), 1000 సైకిళ్లతో మొదలైంది. తర్వాత అప్పుల్లో పడితే, నగరం దాన్ని మూసేయకుండా 2014లో పార్కింగ్ అథారిటీ చేతిలో పెట్టింది. అదే ఇప్పుడు బైక్ షేర్ టొరంటో, 9000కు పైగా సైకిళ్లు. కార్లు నిలిపే స్థలం చూసే సంస్థే సైకిళ్లు కూడా నడపడం నాకు ఎంతో నచ్చుతుంది. ఊళ్లో జనం ఎలా తిరుగుతున్నారన్నది ఒక్క చోట కూర్చుని ఆలోచించాల్సిన విషయమే కదా.

మా చిన్నప్పుడు కిరాయి సైకిల్ షాపులో పేరు, టైమ్ నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు, అర్ధగంటకు ఇంత అని. ఇదీ అలాంటిదే. ఏడాది మెంబర్‌షిప్ తీసుకుంటే ఒక్కో ప్రయాణానికి 30 లేదా 45 నిమిషాలు, ప్లాన్‌ను బట్టి. దాటితే నిమిషానికి ఇంత అని పడుతుంది. తీసిన చోటే పెట్టాల్సిన పనిలేదు, ఏ స్టేషన్‌లోనైనా పెట్టొచ్చు.

పెట్టేటప్పుడు ముందు చక్రం గట్టిగా లోపలికి నెట్టి, పచ్చ లైటు వచ్చేదాకా కదలకు. నా మొదటి డిసెంబర్‌లో వేళ్లు మొద్దుబారి, నెట్టేసి వెంటనే వెళ్లిపోయాను. ఇంటికెళ్లి ఫోన్ చూస్తే నా ప్రయాణం ఇంకా నడుస్తూనే ఉంది! మళ్లీ మంచులో వెనక్కి నడిచి చూస్తే సైకిల్ సగం లోపల, సగం బయట. పైసలు పోయాయి, అయినా సైకిల్ దొరికిందే చాలనుకున్నాను.

ఫుట్‌పాత్ మీద తొక్కకు, పెద్దవాళ్లకు అక్కడ నిషేధం. బ్యాటరీ సైకిల్ తీస్తే హెల్మెట్ తప్పనిసరి. ఇక్కడినుంచే ఒకటి పట్టుకెళ్లాలనుకోకు, అక్కడి ప్రమాణాలకు తగ్గది అక్కడే కొనుక్కో.

కారు మాత్రం మొదటి ఏడాది వద్దు. ఇన్సూరెన్సే నడుము విరుస్తుంది.

---

అక్కా, చాలా థాంక్స్. చలికాలంలో సైకిళ్లు తీసేస్తారా?

---

తియ్యరు తమ్ముడూ, ఏడాదంతా ఉంటాయి. మంచు గట్టిగా కురిసిన రోజు మాత్రం నువ్వే మెట్రో ఎక్కు. ఇంకో మాట, ఇవన్నీ టొరంటో హద్దు లోపలే. మనవాళ్లు చాలామంది బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో రూమ్‌లు తీసుకుంటారు. అక్కడ గ్రీన్ పి లేదు, ఈ సైకిళ్లూ లేవు. స్కార్‌బరో టొరంటోలోదే, కానీ డౌన్‌టౌన్‌లో ఉన్నంత దగ్గర దగ్గరగా స్టేషన్లు ఉండవు. నీ కాలేజీ ఎక్కడ, రూమ్ ఎక్కడ చూసుకున్నావు? అది చెప్తే ఏ ప్లాన్ సరిపోతుందో చూద్దాం.