ముందు సిలబస్సా, ముందు నిబంధనా? అటానమస్ కాలేజీల బీఓఎస్ గురించి

కొండవాలు మాస్టారు:
విశాఖలో ఒక అటానమస్ (సిలబస్ సొంతంగా రాసుకోగల) డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. వచ్చే ఏడాది సిలబస్ కోసం మొన్న బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బీఓఎస్), అంటే సిలబస్ ఖరారు చేసే కమిటీ, కూర్చున్నాం. గంటన్నర మీటింగ్‌లో గంటా పావు క్రెడిట్ల (బోధన గంటలను బట్టి కోర్సుకిచ్చే పాయింట్ల) లెక్కకే పోయింది. ఈ పిల్లలు చదువయ్యాక ఎక్కడికి వెళ్తారన్న మాట టీలు వచ్చాక గానీ ఎవరూ ఎత్తలేదు. పరవాడ ఫార్మా సిటీ మనకు కూతవేటు దూరం. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో నిలబడాలంటే హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే పరికరం) మీద చెయ్యి తిరిగి ఉండాలి. మేమేమో ఉన్నత విద్యామండలి ఇచ్చిన మోడల్ సిలబస్‌కు అట్ట మార్చి సంతకాలు పెట్టేశాం. దీనికి అటానమస్ అని బోర్డొకటి!

నా వాదన ఇదీ: ముందు మనకు కావలసిన ప్రోగ్రాం రాసుకోవాలి, తర్వాతే దాన్ని నిబంధనల్లో ఇమడ్చాలి. మీరేమంటారు?

ఫైలు నంబరు:
మాస్టారూ, బాధ అర్థమైంది. లెక్క కూడా చూడండి. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) కనీసం 60, మైనర్‌కు (రెండో సబ్జెక్టుకు) 24, మల్టీడిసిప్లినరీకి 9, భాషలకు 8, స్కిల్ కోర్సులకు 9, విలువల కోర్సులకు 6, ఇంటర్న్‌షిప్‌కు 2. అన్నీ కనీసాలే, కూడితే 118. మీ చేతిలో మిగిలేవి రెండు. ఆ రెండింటిలో ఫార్మా సిటీని ఎక్కడ పెడతారు?

పైగా డిగ్రీ ఇచ్చేది మన కాలేజీ కాదు, మాతృ యూనివర్సిటీ. అందుకే బీఓఎస్‌లో ఆ యూనివర్సిటీ వీసీ నియమించిన ప్రతినిధి కూర్చుంటారు. మా దగ్గర ఒకసారి ముచ్చటపడి ఒక పేపర్ పేరు మార్చాం. పీజీలో చేరబోయిన ఒక అమ్మాయి, ఆ పేపరూ ఈ పేపరూ ఒకటేనని కాగితం కోసం రెండు వారాలు తిరిగింది. ముచ్చట మాది, తిరుగుడు ఆ అమ్మాయిది.

కొండవాలు మాస్టారు:
118 కరెక్టే, నేనూ కూడి చూశాను. కానీ ఆ 60లో ఏ యూనిట్‌కు ఎన్ని గంటలో, ల్యాబులో ఏం చేయించాలో యూజీసీ రాయలేదు కదా. పేరు అదే ఉంచుదాం, లోపల సరుకు మారుద్దాం. స్కిల్ కోర్సుల 9 క్రెడిట్లలో మేం పెట్టినవేమిటో చూస్తే మీకే నవ్వొస్తుంది. ఖాళీగా ఉన్న లెక్చరర్‌కు ఏది వస్తే అదే స్కిల్!

మైనర్ మేడం:
ఖాళీగా ఉన్న లెక్చరర్ అంటే నేనే కదా సార్. ఫిజిక్స్.

మీరు సిలబస్ అంటున్నది మాకు జీతం. ఎంపీసీలో మూడు సబ్జెక్టులూ సమానంగా ఉన్నన్నాళ్లు మాకు చింత లేదు. 2023-24లో మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ వచ్చింది, మూడింటి బదులు ఒకటే ప్రధానం. ఫిజిక్స్‌ను మేజర్‌గా ఎంతమంది తీసుకుంటారో అందరికీ తెలుసు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉండాలని యూజీసీ నిబంధన. అది చూపించలేకపోతే గెస్టు ఫ్యాకల్టీ ముందు ఇంటికి వెళ్తారు. ఇక మాకు దిక్కు మైనరే. అదీ మీ కెమిస్ట్రీ వాళ్లు కంప్యూటర్స్‌కు ఇచ్చేశారు, పిల్లలు అడిగారని. నిజంగా పిల్లలే అడిగారా?

అనకాపల్లి లోకల్:
పిల్లల్ని ఎవరూ అడగలేదు మేడం. అడ్మిషన్ రోజు ఫారంలో మైనర్ గడి నింపేసే ఉంది. మూడేళ్లూ రోజూ రైల్లో వచ్చి వెళ్లాను. ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటే నాలుగో ఏడాది రిసెర్చ్‌తో ఆనర్స్ చేయొచ్చన్నారు. మార్కులు వచ్చాయి, మా కాలేజీలో గైడ్ లేరన్నారు. హెచ్‌పీఎల్‌సీ అంటారా, ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడు దూరం నుంచి చూపించారు.

రిటైర్డ్ రీడర్:
1976లో రాజ్యాంగ 42వ సవరణతో చదువు కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. అప్పట్నుంచి మనది ఇద్దరు అత్తల కోడలి కాపురం. 2015లో సీబీసీఎస్ (కోర్సులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి), 2020-21లో పది నెలల ఇంటర్న్‌షిప్, ఆ వెంటనే సింగిల్ మేజర్. ఒక బ్యాచ్ బయటికి వెళ్లేలోగా ఇంకో చట్రం. విసుగు సహజమే.

అయినా నేను ఫైలు నంబరు గారి వైపే, కారణం మాత్రం వేరు. ప్రాక్టికల్‌లో ఒక క్రెడిట్‌కు 30 గంటలు చేయించాలని నిబంధన ఉంది. అది రాసి లేని రోజుల్లో నేను పనిచేసిన చోట ల్యాబు తాళం పరీక్షల నెలలోనే తెరిచేవాళ్లు. రికార్డు బుక్కులు సీనియర్లవి చూసి దింపేవాళ్లు. మాస్టారి లాంటివాళ్లు ఉన్న కాలేజీకి పట్టిక సంకెల కావచ్చు. లేనిచోట పిల్లాడికి అదొక్కటే ఆధారం. ఇంతకీ మీ బీఓఎస్‌లో పరిశ్రమ ప్రతినిధి ఉండాలి కదా. ఆయనేమన్నారు?

కొండవాలు మాస్టారు:
తగలాల్సిన చోటే తగిలింది సార్. ఆయన రాలేదు. సంతకం తర్వాత ఇంటికి పంపి పెట్టించాం.

ల్యాబు గంటల మాట ఒప్పుకుంటున్నాను. ఆ 30 గంటల రూలే చూపించి ప్రిన్సిపాల్‌ను పరికరం అడగొచ్చని నాకు తట్టలేదు. మేడం, మైనర్ సంగతి నేను దాచను. కంప్యూటర్స్ అంటే అడ్మిషన్లు నిండుతాయని అలా పెట్టాం. అయినా మా వాళ్లకు స్పెక్ట్రోస్కోపీ, డిటెక్టర్లు అసలు అర్థం కావు, అవి ఫిజిక్సే. స్కిల్ కోర్సుల్లో పరికరాల పేపరొకటి పెట్టి మీరూ నేనూ కలిసి చెబితే?

ఫైలు నంబరు:
స్కిల్ కోర్సు అయితే అడ్డేమీ లేదు. ఆమోదానికి అకడమిక్ కౌన్సిల్‌కు పంపే ముందు థియరీ గంటలు, ల్యాబు గంటలు విడివిడిగా రాయండి. ఈసారి ప్రతినిధి సంతకం మీటింగ్‌లోనే పెట్టించండి.

మైనర్ మేడం:
ముందు మీ హెచ్‌ఓడీని ఒప్పించండి, తర్వాత నా పేరు రాయండి. వారానికి నాలుగు గంటలు. మూడున్నర అని రాస్తే నేను రాను.